పత్తి మీది, కట్టె మాది

పల్నాడు వెళ్ళొచ్చానని చెప్పగానే మా కాకినాడ వీధిలో అందరూ అడిగింది ఒకటే మాట: "ఈ ఎండల్లోనా?" అవునండీ, ఈ ఎండల్లోనే. అసలు నేను వెళ్ళిందే ఎండ చూడ్డానికి.

నవ్వకండి. ముప్ఫై మూడేళ్ళు కరెంటు ఆఫీసులో బిల్లుల సెక్షన్లో కూర్చుని ఉద్యోగం చేశాను. యూనిట్లు తెలుసు, మీటరు నంబర్లు తెలుసు, ఏ వీధిలో ఎన్ని కనెక్షన్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కరెంటు ఎక్కడ పుడుతుందో మాత్రం ఒక్కనాడూ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ఆ లోటు మరీ ఎక్కువైంది. అలాంటప్పుడు మార్చి నెలలో నరసరావుపేట నుంచి రమాదేవి ఫోన్ చేసింది. గుంటూరులో చదువుకునే రోజుల్లో మేమిద్దరం మూడేళ్ళు ఒకే హాస్టలు గదిలో ఉన్నాం.

"ఏమే విశాలా, మా చేలో ఇప్పుడు పత్తి పండట్లా. కరెంటు పండుతంది. వచ్చి చూసిపో."

మర్నాడే టికెట్టు కొన్నాను. నాలుగు రోజులు తిరిగి వచ్చాను. ఇన్నాళ్ళ ఉద్యోగంలో నాకు తెలిసిందెంత తక్కువో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

నరసరావుపేట

స్టేషన్ బయట ఆటో ఎక్కి, "కొంచెం మెల్లగా పోనివ్వండి బాబూ, తొందరేం లేదండీ" అన్నాను. అతను బండి ఆపేసి వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, ఎటకారమా?"

మా గోదావరి వైపు వీధి కుక్కని కూడా అండీ అనే అదిలిస్తాం. ఆ మర్యాద ఇక్కడ వెక్కిరింపులా వినబడుతుందని నాకేం తెలుసు! నాది కాకినాడ అని చెప్పాక శాంతించాడు. వంద అడిగినవాడు దిగేటప్పుడు ఎనభై చాలన్నాడు, మొహం మాత్రం చివరిదాకా నవ్వలేదు.

రమ వాళ్ళది బజారులో ఎరువుల దుకాణం, పైన ఇల్లు. ఆమె పేరు మీద రెంటచింతల అవతల ఇరవై ఎకరాల చేనుంది, వాళ్ళ అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి ఈమెకీ వచ్చింది. రెండేళ్ళ క్రితం దాన్ని సోలారు కంపెనీకి కౌలుకిచ్చింది. "వానకి భయపడక్కర్లా, పురుగుకి భయపడక్కర్లా. హాయిగా ఉందే" అంది. నిజంగానే పదేళ్ళు చిన్నదానిలా కనబడింది, నాకు కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

మర్నాడు పొద్దున్నే పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. ఇడ్లీ మీద నెయ్యి, నెయ్యి మీద ఎర్రటి కారప్పొడి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో చెవుల్లోంచి పొగలొచ్చాయి. "కాస్త పంచదార ఉంటే పెట్టండి" అని అడిగాను. వడ్డించే ఆయన నావైపు జాలిగా చూసి, "ఇడ్లీలోకి పంచదార అడిగినోళ్ళని మిమ్మల్నే చూశా తల్లీ" అన్నాడు. పాపం, తెచ్చి మాత్రం పెట్టాడు.

గురజాల దారి

రమ కారు మాట్లాడతానంటే వద్దని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీలవల్ల చెట్లూ ఇళ్ళూ తెల్లగా ఉన్నాయి. అది దాటి గురజాల వైపు తిరిగేసరికి అంతా ఎరుపు. రోడ్డుకి రెండు పక్కలా మిరప కల్లాలు, పరదాల మీద ఎకరాలకొద్దీ ఎండుతున్న మిరపకాయలు. బస్సు ఆగినప్పుడల్లా ఒకరి తర్వాత ఒకరు తుమ్మాం. డ్రైవరు ఒక్కడే తుమ్మలేదు, అలవాటైపోయినట్టుంది.

ఇంకో వింత చూశాను. ఊళ్ళలో చిన్న చిన్న ఇళ్ళ ముందు ఇంటెత్తున పుల్లలు పేర్చి ఉన్నాయి. సన్నవి, నల్లవి, చివర్న వేళ్ళతో సహా పీకినవి.

"పత్తి కట్టె" అంది రమ. "దూది తీశాక చేలో మోళ్ళు మిగులుతయ్ గదా. వాటిని పీకి చేను శుభ్రం చేయాలి. ఆ పనికి ఇక్కడ కూలి ఇవ్వరు. పీకినోళ్ళదే కట్టె. ఏడాది పొడుగునా పొయ్యిలోకి అదే."

"ఇప్పుడు కూడానా? అందరికీ గ్యాసు వచ్చేసింది కదే!"

రమ నన్ను చూసి నవ్వింది. మా కోనసీమ చుట్టాలిళ్ళల్లో కొబ్బరి మట్టలు కుళ్ళిపోతుంటే పట్టుకెళ్ళండర్రా అని పిలిచి మరీ ఇస్తారు. పుల్ల కోసం ఒక మనిషి ఒక చేను మొత్తం పీకుతుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఆఫీసులో ఇంటికి మీటరు పెడితే ఆ ఇంటి కష్టం తీరిపోయినట్టే రాసుకునేవాళ్ళం.

రెంటచింతల దాటాక

రెంటచింతలలో బస్సు దిగి కాలు కింద పెట్టాను. అమ్మ బాబోయ్! చెప్పుల్లోంచి అరికాలు కాలింది. పదకొండు కూడా కాలేదు. ఊళ్ళో పెద్ద చర్చి నీడలో నిలబడి రెండు సోడాలు వరసగా తాగాను. అక్కణ్ణించి ఆటోలో రమ చేని దగ్గరున్న పల్లెకి వెళ్ళాం. పల్లె పేరు రాయొద్దని వాళ్ళే అన్నారు, అందుకని రాయడం లేదు.

రమ చేలో పూర్వం పత్తి తీసిన మరియమ్మ ఇంటికి పోయాం. యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. మెడలో సిలువ, నుదుట రూపాయంత బొట్టు, తలలో కనకాంబరాలు. కిరస్తానీ ఇల్లంటే నేనేవేవో ఊహించుకుని వెళ్ళాను, నా ఊహలన్నీ ఆ కనకాంబరాల దగ్గరే ఆగిపోయాయి. భర్త పిడుగురాళ్ళ బట్టీల్లో పనిచేస్తూ వారానికోసారి వస్తాడట.

ఇంట్లో ఒక మూల గ్యాసు సిలిండరు. దానికి పూల అల్లిక గుడ్డ తొడిగి, పైన మేరీమాత పటం పెట్టారు.

"ఉంది గదా తల్లీ, మరి వాడవా?" అన్నాను.

"పండక్కి, సుట్టాలొస్తే వాడతాం. రోజూ వాడితే నెల తిరక్కముందే అయిపోద్ది. మళ్ళీ యాడ తెచ్చేది?"

వంట ఆరుబయట, మట్టి పొయ్యి మీద. నేను సాయం చేస్తానని పొయ్యి ముందు కూర్చున్నాను. రెండు నిమిషాల్లో కళ్ళు మంటలు, ముక్కు కారడం, దగ్గు. మరియమ్మ నన్ను రెక్క పట్టుకుని లేపి పక్కన కూర్చోబెట్టింది. ఆమెకీ దగ్గు వదలదట. మాచర్లలో డాక్టరు పొగ మానేయమన్నాడట.

"పొగ మానెయ్యమంటే నేనేమన్నా సుట్ట తాగుతన్నానా? అన్నం మానెయ్యమన్నట్టేగా!" అని నవ్వి, నవ్వు మధ్యలోనే దగ్గింది.

జొన్నన్నం, పండుమిరపకాయ పచ్చడి, దోసకాయ పప్పు. ఆ పచ్చడి తింటూ ఏడ్చాను, మళ్ళీ వేయించుకున్నాను. తింటుండగా ఫ్యాను ఆగిపోయింది. వాకిట్లోంచి చూస్తే కంచె అవతల కంటికి ఆనినంత మేరా నల్లటి అద్దాల పలకలు. అక్కడ పుడుతున్న కరెంటు తీగల మీదుగా ఎటో పోతోంది, ఇక్కడ మేము విసనకర్ర వెతుక్కుంటున్నాం. నా ఉద్యోగం గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటి ముందు మరియమ్మ కట్టెల కుప్ప నా మోకాలెత్తు కూడా లేదు. అప్పుడు విషయమంతా చెప్పింది. చేను సోలారుకి పోయాక పత్తి లేదు, పత్తి లేక కట్టె లేదు. చుట్టుపక్కల చేలు కూడా అలాగే పోయాయి. ఇప్పుడు పల్లెలో ఆడవాళ్ళు కంప కొట్టుకోడానికి కొండల దాకా నడుస్తున్నారు. పోను రెండు గంటలు, మోపు నెత్తిన పెట్టుకుని రాను మూడు గంటలు. ఉన్న కట్టె వానల దాకా కూడా రాదు.

"ఇంక దారి లేదా?" అన్నాను.

"ఒకటుంది. పలకలు లారీల్లోంచి దించేటప్పుడు కొన్నింటికి అంచులు వంగినయ్. అద్దం బాగానే ఉంది. వరసలో బిగించటానికి పనికిరావని షెడ్డు ఎనక పడేశారు, తొమ్మిది. శుక్రవారం తుక్కు లారీ వచ్చి తీసకపోద్దంట. అవి మాకిస్తే మా పొదుపు సంఘం షెడ్డు మీద పెట్టుకుని కరెంటు పొయ్యిల మీద వండుకుంటాం. రేపు కాక ఎల్లుండి, గురువారం, సోలారు మేనేజరు సారుని అడగబోతన్నాం. లారీ ఎక్కినయ్యంటే ఇంక అంతే."

అది మంగళవారం. రమ పచ్చడి గిన్నె వైపే చూస్తూ కూర్చుంది.

పలకల మధ్య

మాచర్లలో రమ చుట్టాలింట్లో పడుకుని, బుధవారం తెలతెలవారుతుండగా మళ్ళీ వచ్చాం. పలకలు తుడిచే పని పల్లె ఆడవాళ్ళు పదకొండు మందిది. దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుందట. ఎండెక్కాక నీళ్ళు పోస్తే అద్దం పగులుతుంది, అందుకని పొద్దెక్కకముందే తుడిచేయాలి. పొడుగాటి కర్రలకి మెత్తటి గుడ్డ చుట్టి, ట్యాంకరు నీళ్ళతో ఒక్కో వరసా కడుగుతూ పోతున్నారు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు, నెత్తిన తువ్వాళ్ళు. మాటలు మాత్రం కల్లంలో కూర్చుని మిరపకాయలు ఏరేవాళ్ళ మాటలే.

మరియమ్మ నాకొక కర్ర ఇచ్చింది. నేను తుడిచిన మొదటి పలకని ఆమె మళ్ళీ తుడిచింది. రెండోది కూడా. మూడోదానికి, "నువ్వు సూడక్కా, చాలు" అంది. అమ్మా అని పిలిచే మనిషి అక్కా అనేసరికి నాకు పలక తుడిచినంత గర్వం కలిగింది.

అప్పుడు సూర్యుడు వచ్చాడు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. కొండల మీద ఎర్రటి అంచు కనబడగానే నా చుట్టూ ఎక్కడో సన్నగా కిర్రుమని చప్పుడైంది. చూస్తే ఆ పలకలన్నీ, వేల పలకలు, ఒక్కసారిగా తూర్పుకి వంగుతున్నాయి. ఎవరూ తోయడం లేదు, కింద మోటార్లున్నాయట. అంత పెద్ద చేను చేనంతా పొద్దుని చూడ్డానికి తిరుగుతోంది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ముప్ఫై మూడేళ్ళు కాగితం మీద రాసిన అంకె ఇదిగో ఇక్కడ, ఇంత నిశ్శబ్దంగా, పొగా మసీ లేకుండా పుడుతోంది. కళ్ళనీళ్ళొచ్చాయి. నిజం చెబుతున్నాను, తిరుపతిలో కూడా నాకు అలా కాలేదు.

"మాకూ మొదటి రోజు అట్టాగే అయిందక్కా" అంది మరియమ్మ. "అందుకే గదా పీకలమీదికి తెచ్చుకుంది."

ఆ కథ ఇది. పనిలోకి దిగిన మొదటి శుక్రవారం వీళ్ళకి ఆ పలకల్ని ఊరికే తుడిచి రావడానికి మనసొప్పలేదు. కొత్త నాగలి కొన్నా, కొత్త ట్రాక్టరు కొన్నా బొట్టు పెట్టకుండా పని మొదలెట్టరు కదా. హిందువులైన ఆరుగురూ ఒక్కో పలకకీ అరచేతి మేర పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టారు. కిరస్తానీలైన అయిదుగురూ మేం తక్కువ తిన్నామా అని, తిరునాళ్ళలో కొన్న మేరీమాత స్టిక్కర్లు అంటించారు. నాలుగు వరసలు ముచ్చటగా అలంకరించి ఇళ్ళకి పోయారు. తొమ్మిదింటికల్లా మేనేజరు కంప్యూటరు ముందు జుట్టు పీక్కుంటున్నాడు. ఆ నాలుగు వరసల్లోనే కరెంటు పడిపోయింది. తీగలు చూశారు, పెట్టెలు విప్పారు. చివరికి ఎవరో వెళ్ళి పలకలు చూస్తే, ప్రతిదానికీ బొట్టు!

నేను కడుపు పట్టుకుని నవ్వాను. వాళ్ళూ నవ్వారు. మరియమ్మ మాత్రం కర్రకి గుడ్డ బిగిస్తూ, "అప్పట్నించి మా మీద నమ్మకం పోయింది. తుడిచే మిషను తెప్పిస్తానంటన్నాడు. ఇప్పుడు పోయి పలకలియ్యమంటే ఏమంటాడో" అంది.

మాచర్ల

ఆ సాయంత్రం మాచర్ల బస్టాండు దగ్గర టీ తాగుతూ రమని అడిగాను. టీ పదిహేను, గ్లాసు మాత్రం బొటనవేలంత.

"రేపు నువ్వు కూడా గేటు దగ్గరకి రావే. ఆ కట్టె సంగతి నువ్వు చెబితే ఆ మేనేజరు వింటాడు."

"నేనెందుకే మధ్యలో?"

"చేను నీదని."

రమకి కోపం వచ్చింది. "నీకేం, నాలుగు రోజులు చూసి పోతావు. ఇయ్యాల కట్టెలో వాటా ఉందని ఒప్పుకుంటే రేపు కౌలులో వాటా అడుగుతారు. మా పిల్లలు నన్ను బతకనిస్తారా?"

"పీకినవాళ్ళదే కట్టె అని బస్సులో నాకు చెప్పింది ఎవరు?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టేసి లేచింది. చుట్టాలింటికి నాకంటే పది అడుగులు ముందు నడిచింది. నలభై ఏళ్ళ స్నేహంలో మొదటిసారి ఆమె మీద నాకు ఒళ్ళు మండింది. కానీ ఏ మాటకా మాట చెప్పుకోవాలి, ఆమె చేను లాంటిది నాకుంటే నేనేం చేసేదాన్నో నాకూ తెలియదు.

గేటు దగ్గర

గురువారం పదింటికి గేటు ముందు పల్లె ఆడవాళ్ళు ముప్ఫై మందికి పైగా చేరారు. ఎవరూ కేకలు వేయడం లేదు. రమ నాతో ఆటోలో వచ్చింది గానీ దిగలేదు, కొంగు నెత్తిన కప్పుకుని లోపలే కూర్చుంది.

మేనేజరు బయటికొచ్చాడు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, శ్రీకాకుళం వైపు యాస. చెడ్డవాడు కాదు. మంచినీళ్ళ క్యాన్లు తెప్పించి, అందరూ తాగాక మొదలెట్టాడు. "అమ్మా, అవి కంపెనీ వస్తువులు. పాడైనా సరే లెక్క ప్రకారం వెనక్కి పంపించాలి. నా చేతిలో లేదు."

మరియమ్మ రెండడుగులు ముందుకు వేసింది.

"బాబూ, నేను పెళ్ళయి వచ్చినకాడ్నించి ఈ చేలో పత్తి తీశా. దూది లారీలెక్కి పోయింది. దూదిలో నాకు వాటా ఉందని ఒక్కనాడన్నా అడిగామా? అడగలా. పత్తి మీది, కట్టె మాది. ఇప్పుడూ అంతే. తీగల్లో పోయే కరెంటు నీ పత్తి. దాని జోలికి మేం రాం. ఆ షెడ్డు ఎనక పడేసినయ్ కట్టె. ఏరుకుని శుభ్రం జేసుకునేది మేం. అయ్యి మాయి."

కుర్రాడు తల గోక్కున్నాడు. "అలాంటి రూలు ఎక్కడుందమ్మా? ఏదైనా కాగితం ఉందా? మేం భూమి తీసుకున్నప్పుడు అగ్రిమెంటులో అలాంటిది ఒక్క ముక్క లేదే."

నిజమే, లేదు. ఎక్కడా రాసి లేదు. ఆడవాళ్ళ మధ్య గుసగుసలు మొదలయ్యాయి. మరియమ్మ నోరు తెరిచి, దగ్గు ముంచుకొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

వెనక ఆటో కిర్రుమంది. రమ దిగింది. తిన్నగా నడిచి వచ్చి మరియమ్మ పక్కన నిలబడింది.

"కాగితం లేదు బాబూ. నన్ను అడుగు. చేను నాది. మా అమ్మమ్మ నాటి నుంచి పీకినోళ్ళదే కట్టె. ఒక్క పుల్ల కూడా మేం ఇంటికి తీసుకుపోలా. మీకు చేను ఇచ్చేటప్పుడు బావి గురించి రాయించా, దారి గురించి రాయించా, గట్టు మీద వేపచెట్టు గురించి కూడా రాయించా. కట్టె గురించి రాయించాలని నాకు తట్టలా. ఎందుకంటే అది ఎప్పుడూ నాది కాదు గదా, నాకెందుకు గుర్తుంటది? తప్పు నాదే. నాది కానిదాన్ని కూడా కలిపి మీకు కౌలుకిచ్చేశా."

నా రమేనా ఇది అనుకున్నాను. రాత్రి ఆమెని మనసులో ఎన్ని తిట్టానో అన్నీ వెనక్కి తీసుకున్నాను.

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. "సరే మేడమ్, మీరు చెప్పారు కాబట్టి నమ్ముతాను. కానీ పైవాళ్ళు వీళ్ళకి ఎందుకివ్వాలని అడుగుతారు. వీళ్ళు చేసిన పని వాళ్ళకి ఇంకా గుర్తుంది. ఆ బొట్ల వ్యవహారం..."

మరియమ్మ దగ్గు తగ్గింది. కొంగు తీసింది.

"ఆ సంగతే చెప్పు బాబూ మీ వాళ్ళకి. మేం అరచేతి మేర పసుపు రాస్తేనే మీ కంప్యూటరుకి తెలిసిపోయింది. మేం ఒక నెల తుడవకపోతే ఈ చేను మీద ఎంత దుమ్ము కూసుంటదో, అదెంత తెలిసిద్దో కూడా చెప్పు. మా చెయ్యి పడితే ఎంతో, పడకపోతే ఎంతో, లెక్క మీ మిషనే జూపించిందిగా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మేనేజరు ఆపుకోలేక తనూ నవ్వేశాడు. ఫోను తీసుకుని లోపలికి వెళ్ళాడు. అద్దం గదిలో అటూ ఇటూ నడుస్తూ సగం ఇంగ్లీషులో సగం హిందీలో మాట్లాడుతున్నాడు. మేం ఎండలో నిలబడి అతని చేతుల వైపు చూస్తున్నాం. ఒకసారి చెయ్యి పైకెత్తాడు, ఒకసారి తల పట్టుకున్నాడు. ఆ ఇరవై నిమిషాలు నాకు పదో తరగతి ఫలితాల రోజుకంటే ఎక్కువ అనిపించాయి. రమ నా చెయ్యి పట్టుకునే ఉంది.

బయటికొచ్చి, "తీసుకోండి" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. "తొమ్మిదీ తీసుకోండమ్మా. కాగితం మీద సంతకం పెట్టండి చాలు. స్టోరులో పాత ఇన్వర్టరు ఒకటుంది, అది కూడా ఇస్తాను. ఆదివారం నేనే వచ్చి బిగిస్తాను. ఎండ ఉన్నంతసేపూ నాలుగైదు పొయ్యిలు నడుస్తాయి."

"మరి తుడిచే మిషనో?" అని మరియమ్మ అడిగింది.

"దాని మాట తర్వాత చూద్దాం" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, మాట కూడా ఇవ్వలేదు. ఆ పోరు వాళ్ళకి ఇంకా మిగిలే ఉంది.

సాయంత్రం ట్రాక్టరు పంపిస్తానన్నాడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సాయంత్రం దాకా ఆగితే ఎవరు ఏ మాట మారుస్తారో! ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ షెడ్డు వెనక్కి నడిచారు. తువ్వాళ్ళు చుట్టలు చుట్టి నెత్తిన పెట్టుకున్నారు. ఒక్కో పలకకి నలుగురు, ఒక్కో మూలకి ఒకరు, హైస్సా అంటూ ఎత్తారు. తిరునాళ్ళలో మాత పల్లకిని మోసినట్టు ఎనిమిది పలకలు గేటు దాటాయి. తొమ్మిదోదానికి మరియమ్మ, ఇంకొకామె మాత్రమే మిగిలారు. రమ తన జరీ అంచు కొంగునే చుట్ట చుట్టి మూడో మూల కింద తల పెట్టింది. ఇంక మిగిలిన మూల నాదే కదా! అరవై దాటిన నా మెడ విరిగినా సరే అనుకుని దూరాను. బరువు మీద పడినా కింద పెట్టలేదు.

పన్నెండు దాటింది. పైన రెంటచింతల ఎండ, కింద తారు మెత్తబడిన రోడ్డు. పట్టుమని యాభై అడుగులు వేశామో లేదో మేనేజరు వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మాట మార్చడానికే వచ్చాడని నలుగురం బిగుసుకుపోయాం.

"అమ్మా, ఆ వైర్ల కొసలు ముట్టుకోకండి! ఎండ తగులుతున్నంతసేపూ దాంట్లో కరెంటు పుడుతూనే ఉంటుంది. పైన దుప్పటేదైనా కప్పి తీసుకెళ్ళండి!"

మరియమ్మ ఆగింది. మేమూ ఆగాం.

"ఇప్పుడా? మా నెత్తి మీద కూడానా?"

"అవునమ్మా. ఇప్పుడే."

ఆమె తల కదపలేదు, కళ్ళు మాత్రం పైకెత్తి ఆ పలక అడుగు వైపు చూసింది. మూడో మూలనున్న రమ ఒక చేత్తో పలక పట్టుకుని, ఇంకో చేత్తో కప్పడానికి చుట్ట చుట్టిన కొంగు లాగబోయింది.

"కప్పమాకమ్మా" అంది మరియమ్మ. "దాని పని దాన్ని చేసుకోనీ."